రంగం పూసలు: అసలు అంబర్, నకిలీ అంబర్

పోయిన ఎపిసోడ్‌లో మన తీరం నుంచి రంగూన్ వెళ్లిన ఓడల గురించి మాట్లాడుకున్నాం. మన ఉత్తరాంధ్ర పెద్దవాళ్ల నోట అది రంగూన్ కాదు, "రంగం". "మా తాత రంగం పోయాడు" అనేవారు. ఆ ఎపిసోడ్ పెట్టాక నాకు చాలా ఫోటోలు వచ్చాయి. వాటిలో ఎక్కువభాగం ఒకే వస్తువువి, తేనె రంగు పూసల దండలు. కొత్తవలస నుంచి, శృంగవరపుకోట నుంచి, భోగాపురం వైపు నుంచి పంపారు. అందరిదీ ఒకటే ప్రశ్న: "మా తాతమ్మ రంగం నుంచి తెచ్చింది, ఇది అసలు అంబరేనా అండీ?" ఒకాయన మాత్రం సూటిగా "అమ్మితే ఎంతొస్తుంది?" అని అడిగారు. అడగడంలో తప్పేమీ లేదు. ధర కట్టడం నా పని కాదు. అసలేదో నకిలీ ఏదో ఎలా తెలుస్తుంది, తెలిశాక మన రంగం చరిత్రకి ఏమొస్తుంది, అది చెబుతాను.

అంబర్ రాయి కాదు. చెట్టు కారిన జిగురు, కోట్ల ఏళ్లు మట్టిలో ఉండి గట్టిపడింది. చెట్టు నుంచి కారేదంతా ఒకటి కాదని మనవాళ్లకి తెలిసినంతగా ఎవరికి తెలుసు! తుమ్మబంక నీళ్లలో వేస్తే కరుగుతుంది. గుగ్గిలం కరగదు, నిప్పు మీద వేస్తే కమ్మటి పొగ వస్తుంది. ఏజెన్సీలో గుగ్గిలపు చెట్టు అంటాం, హిందీవాళ్లు సాల్ అంటారు, దాని కారుడే ఈ గుగ్గిలం. అంబర్ ఈ గుగ్గిలం జాతిది, బంక జాతిది కాదు. గుగ్గిలం లాంటిది కొన్ని వందల ఏళ్లో, కొన్ని వేల ఏళ్లో మట్టిలో ఉండి సగం గట్టిపడితే దాన్ని కోపాల్ అంటారు. కోట్ల ఏళ్లు ఉంటేనే అంబర్. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, కోపాల్ మనల్ని తర్వాత ఇబ్బంది పెడుతుంది.

సంస్కృతంలో అంబర్‌కి తృణమణి అని పేరు. తృణం అంటే గడ్డి. గడ్డిపరకను లాగే మణి అన్నమాట. పారసీలో కాహ్‌రుబా అంటారు, దానర్థం కూడా గడ్డిని లాక్కునేది అనే. యూనానీ మందుల కొట్టులో కహరుబా అని అడిగితే ఇచ్చేది ఇదే. గ్రీకులు ఎలెక్ట్రాన్ అన్నారు. 1600లో విలియం గిల్బర్ట్ అయస్కాంతాల మీద పుస్తకం రాస్తూ, రుద్దితే లాగే వస్తువులకి ఆ గ్రీకు మాట నుంచే పేరు తీశాడు. మన ఇంట్లో కరెంటుకి ఎలక్ట్రిసిటీ అనే పేరు ఆ దారిలో వచ్చిందే. చూశారా, ఒక నగ పేరులోనే దాని పరీక్ష ఉంది. ఉన్ని గుడ్డకి రుద్దు, గడ్డిపరక దగ్గర పెట్టు, లాగితే తృణమణి.

వేల ఏళ్లు నడిచిన ఆ పరీక్ష ప్లాస్టిక్ వచ్చాక పనికిరాకుండా పోయింది. స్కూల్లో ప్లాస్టిక్ స్కేలు తలకి రుద్ది కాగితం ముక్కలు లేపలేదూ? అదే సంగతి. కాబట్టి "మా పూస కాగితాన్ని లాగుతోందండీ" అని వీడియో పంపినవాళ్లకి నా జవాబు: మీ పూస లోహం కాదని తేలింది, అంతే.

ఈ నకిలీలకి కూడా వంశవృక్షం ఉంది. 1870 ప్రాంతంలో సెల్యులాయిడ్ వచ్చింది. 1880ల్లో యూరప్‌లో అంబర్ పొట్టు, ముక్కలు పారేయకుండా వేడి మీద నొక్కి పెద్ద దిమ్మలు చేయడం మొదలుపెట్టారు. అది నకిలీ అనాలో, అసలు అనాలో వ్యాపారులు ఇప్పటికీ వాదించుకుంటారు. సరుకు అసలే, ముద్ద మాత్రం మనిషి చేసింది. 1890ల చివర పాల విరుగుడుతో చేసిన గాలాలిత్ వచ్చింది. 1907లో బేక్‌లాండ్ అనే బెల్జియం రసాయనవేత్త అమెరికాలో బేకలైట్ చేశాడు. అది నల్లగా, ముదురు గోధుమ రంగులో ఉండేది, స్విచ్చులకి, టెలిఫోన్లకి వాడారు. అదే జాతి సరుకుని రంగులు వేసి, వెలుగు పారేలా పోతపోసి పూసలు చేయడం 1920ల్లో ఊపందుకుంది. తేనె రంగు, గుడ్డు పచ్చసొన రంగు, ముదురు చెర్రీ ఎరుపు. ఈ చెర్రీ ఎరుపు పూసల్నే ఇవాళ్టికీ "చెర్రీ అంబర్" అని అమ్ముతున్నారు. ఈ తేదీలు కాస్త గుర్తుంచుకోండి.

ఇప్పుడు రంగానికి వద్దాం. బర్మాలో అసలు అంబర్ ఉంది. పైన కచిన్ కొండల్లో హుకాంగ్ లోయ అని ఉంది. బర్మా వాళ్లు అంబర్‌ని పయిన్ అంటారు. కొండజాతి వాళ్లు దాన్ని గొట్టాల్లా చెక్కి చెవులకి పెట్టుకునేవారు. 1830ల మధ్యలో హానే అనే ఇంగ్లీషు కెప్టెన్ ఆ గనుల దాకా వెళ్లాడు. 1890ల మొదట్లో మన జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా నుంచి నోట్లింగ్ వెళ్లి నమూనాలు తెచ్చాడు. వాటిని పరీక్షించిన డాన్‌జిగ్ ఊరి ఒట్టో హెల్మ్, ఇది బాల్టిక్ సముద్రపు అంబర్ కాదు, వేరు, అని తేల్చి బర్మైట్ అని పేరు పెట్టాడు. తర్వాత మాండలేలో ఉండే స్విన్‌హో అనే ఆయన పంపిన ముక్కల్లోని పురుగుల్ని చూసి, కాకరెల్ అనే శాస్త్రవేత్త ఇవి మనం అనుకున్నదానికంటే చాలా పాతవి, డైనోసార్ల కాలం నాటివి కావచ్చు అన్నాడు. 2012లో ఆ మట్టిలోని జిర్కాన్ రేణువులతో లెక్కకట్టారు. సుమారు 9 కోట్ల 90 లక్షల ఏళ్లు. బాల్టిక్ అంబర్ దానిముందు పసిపిల్ల, నాలుగున్నర కోట్ల ఏళ్లు కూడా సరిగ్గా ఉండదు.

మరి మనవాళ్లు? భీమిలి, కళింగపట్నం, బారువ, కోరంగి రేవుల నుంచి వెళ్లారు. కోరంగి పేరు మీదే రంగంలో తెలుగువాళ్లందరినీ కోరంగీలు అన్నారు. మేస్త్రీ ముందుగా డబ్బిచ్చి ఓడ ఎక్కించేవాడు, ఆ అప్పు తీరేదాకా కూలి ఆయన చేతుల్లోంచే. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో తెలుగువాళ్లు లక్షన్నర పైచిలుకు. రంగూన్ ఊళ్లో సగానికి మించి భారతీయులే. రేవులో మూటలు మోసే కళాసీలు చాలావరకు మనవాళ్లు. వాళ్లు హుకాంగ్ లోయ చూసి ఎరుగరు. రేవుకీ అంబర్ గనులకీ మధ్య బర్మా దేశం మొత్తం అడ్డం ఉంది. కాబట్టి "రంగం నుంచి తెచ్చింది" అంటే "గని నుంచి తెచ్చింది" అని కాదు. రంగూన్ బజారులో కొన్నది. రంగూన్ అంటే ప్రపంచం సరుకంతా దిగే రేవు. అక్కడ బర్మా అంబర్ దొరుకుతుంది, యూరప్ నుంచి ఓడలో దిగిన గాజుపూస, పోతపోసిన పూస కూడా దొరుకుతాయి.

ఈ లెక్కతోనే నేను కొత్తవలస వెళ్లాను. జంక్షన్ దిగాక నడిచి వెళ్లేంత దూరంలో రెండిళ్లు. వాళ్ల పేర్లు చెప్పను, చెప్పనని మాటిచ్చాను.

మొదటి ఇంట్లో ఎనభై దాటిన మామ్మగారు. దండ ఆవిడ అత్తగారిది. ముదురు ఎరుపు, కోలగా ఉన్న పూసలు, మధ్యలో పెద్దవి, చివరలకి చిన్నవి. మామగారు రేవులో కళాసీ, 1930 అల్లర్లప్పుడు అన్నీ వదిలేసి వచ్చేశారు. ఆ అల్లర్లు తెలియనివాళ్లకి: 1930 మే నెలలో మన తెలుగు కళాసీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు బర్మా కూలీలని పెట్టుకున్నాయి. సమ్మె తీరాక మళ్లీ మనవాళ్లని తీసుకుని వాళ్లని పొమ్మన్నాయి. మే 26న మొదలైన కొట్లాటలో వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది మనవాళ్లే. మామ్మగారి మనవరాలు ఇంటర్నెట్‌లో చూసింది, అలాంటి దండకే లక్ష పైన ధర పెట్టి ఉంది. బ్యాంకులో కుదువపెట్టిన బంగారం ఈ దండ అమ్మి విడిపించుకుందామని వాళ్ల ఆలోచన. అది విన్నాక పరీక్ష చేయడానికి నాకూ చెయ్యాడలేదు.

ఉప్పునీళ్ల పరీక్ష చేశాం. పావులీటరు నీళ్లకి 50 గ్రాముల ఉప్పు, బాగా కరగాలి. కోడిగుడ్డు వేస్తే పైకి తేలాలి, అప్పుడు నీళ్లు సరిపోయినట్టు. అంబర్ మామూలు నీళ్లలో మునుగుతుంది, మన భీమిలి సముద్రపు నీళ్లలోనూ మునుగుతుంది, ఈ నీళ్లలో మాత్రం తేలుతుంది. నీళ్ల బరువు 1 అనుకుంటే అంబర్ బరువు 1.05 నుంచి 1.10. బేకలైట్ జాతి పూస 1.25 పైన. గాజు 2.5 దగ్గర. దండంతా వేయకూడదు, కొక్కెం బరువుకి మునిగిపోతుంది. ఒక పూస విడిగా తీసి, కన్నంలో గాలి బుడగ లేకుండా వేయాలి.

మామ్మగారి పూస రాయిలా అడుక్కి పోయింది.

మునిగిందంటే అంబర్ కాదు, కాబట్టి వేడినీళ్లకి భయం లేదు. వేడినీళ్లలో ముంచి తీసి వాసన చూశాం. ఆసుపత్రి వరండాలో వచ్చే కార్బాలిక్ ఘాటు. పాలవిరుగుడు సరుకైతే కాలిన పాల వాసన, సెల్యులాయిడ్ అయితే కర్పూరం వాసన వచ్చేది. ఇది ఫినాల్ పోత, బేకలైట్ చుట్టం.

మనవరాలు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే మామ్మా, మీ అత్తని రంగంలో మోసం చేశారేటి?" అంది. మామ్మగారు, "ఏమో, ఆవిడెప్పుడూ అంబర్ అన్లేదమ్మా, రంగం పూసలనే అంది" అన్నారు. అంబర్ అనే మాట ఇంటర్నెట్ నుంచి ఇంట్లోకి వచ్చింది.

ఇక్కడ నేను చెప్పేది కాస్త జాగ్రత్తగా వినండి. అసలు అంబర్ పూస మీద దాన్ని కొన్న ఏడాది ఉండదు. దాని వయసు కోట్ల ఏళ్లు, చెక్కింది 1850లోనా 1950లోనా పూసని చూసి తేల్చడం చాలా కష్టం. నకిలీ పూసకి మాత్రం పుట్టిన సంవత్సరం ఉంటుంది. ఇలా రంగు వేసి పోతపోసిన ఎర్రపూసలు బజారులోకి జోరుగా వచ్చింది 1920ల్లో. మామగారు రంగం వదిలింది 1930లో. మధ్యలో ఉన్నది ఆ కొద్ది ఏళ్లే. ఒక కళాసీ మేస్త్రీ అప్పు తీరాక చేతికి మిగిలిన కూలితో, అప్పుడప్పుడే వచ్చిన కొత్త రకం పూసలు పెళ్లానికి కొన్నాడు. కుటుంబం చెప్పుకునే కథకి ఈ నకిలీ పూస అడ్డం రావడం లేదు, దన్నుగా నిలబడుతోంది. మామ్మగారి ఇంట్లో రంగం నాటి కాగితం ఒక్కటీ లేదు, ఫోటో లేదు. ఈ దండే ఉంది. బంగారం విడిపించడానికి మాత్రం లక్ష రాదు. బేకలైట్ పూసలు కోరి కొనేవాళ్లు ఉన్నారు, బేకలైట్ అని చెప్పి అమ్మితే ఎంతో కొంత వస్తుంది. అంబర్ అని చెప్పి అమ్మొద్దని చెప్పాను.

రెండో ఇల్లు వేరు. వాళ్లది 1964లో ఓడ దిగిన కుటుంబం. 1962లో నెవిన్ సైన్యం గద్దెనెక్కింది, తర్వాత కొట్లన్నీ జాతీయం చేశారు, 1964 మేలో 50, 100 చాట్ల నోట్లు చెల్లవన్నారు. భారతీయులు లక్షల్లో బయల్దేరి మద్రాసు, విశాఖ రేవుల్లో దిగారు. బంగారం, డబ్బు తెచ్చుకోవడానికి కట్టుదిట్టమైన ఆంక్షలు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అనే పేరు ఇప్పటికీ ఉంది. ఈ ఇంటి పెద్దాయన దగ్గర రేకు డబ్బాలో ఏడే ఏడు పూసలు. ఎర్రగోధుమ రంగు, ఒకదానికొకటి పోలిక లేదు, కన్నాలు వంకరగా ఉన్నాయి. చేత్తో పట్టుకుంటే గాజులా చల్లగా లేదు, గోరువెచ్చగా, బరువే లేనట్టు ఉంది.

ఉప్పునీళ్లలో వేశాం. తేలింది. అయినా తొందరపడకూడదు, కోపాల్ కూడా తేలుతుంది, చవక పాలిస్టైరీన్ ప్లాస్టిక్ కూడా తేలుతుంది. గోళ్లరంగు తుడిచే ద్రవం, అదే అసిటోన్, ఒక్క చుక్క కన్నం అంచున, పైకి కనపడని చోట పెట్టి, అరనిమిషం ఆగి వేలితో తాకాలి. కోపాల్ అయితే జిగటగా అంటుకుంటుంది. ప్లాస్టిక్ అయితే కరిగి మెత్తబడుతుంది. ఇది ఏమీ కాలేదు. చివరికి చీకటి గదిలో, బ్యాంకుల్లో దొంగనోట్లు చూసే అతినీలలోహిత లైటు వేశాం. స్క్రీన్ మీద చూస్తున్నారు కదా, చదువుతున్నవాళ్ల కోసం చెబుతున్నాను, ఎర్రగోధుమ పూస కాస్తా నీలంగా వెలిగింది. బర్మా అంబర్ గుణం అది. ఇతర దేశాల అంబర్ కూడా కొంత నీలంగా వెలుగుతుంది కాబట్టి, ఏ దేశానిదో గట్టిగా చెప్పాలంటే పరారుణ కిరణాల యంత్రం ఉన్న ప్రయోగశాల కావాలి, జైపూర్‌లో అలాంటి జెమ్ టెస్టింగ్ లేబొరేటరీ ఉంది. అంబర్ అన్నంతవరకు మాత్రం నాకు సందేహం లేదు.

పెద్దాయన ముఖం వెలిగిపోయింది. వాళ్ల తాత 1942లో హుకాంగ్ లోయ గుండా నడిచి వచ్చాడట, మిగతా కుటుంబం బర్మాలోనే ఉండిపోయింది. ఈ పూసలు తాత ఆ దారిలో గనుల దగ్గర కొన్నాడని ఇంట్లో చెప్పుకుంటారు. ఇది నేను ఒప్పుకోలేకపోయాను. 1941 డిసెంబర్ 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. సుమారు ఐదు లక్షలమంది భారతీయులు బయల్దేరారు. ఎక్కువమంది అరకాన్ వైపు, మణిపూర్ వైపు నడిచారు. ఆ దారులు మూసుకుపోయాక, మే నెలలో మిచినా కూడా పడిపోయాక, మిగిలినవాళ్లు హుకాంగ్ లోయలోకి దిగారు. మైంగ్‌క్వాన్, షింగ్‌బ్వియాంగ్, పాంగ్‌సావ్ కనుమ, అక్కణ్ణుంచి అస్సాంలో లెడో. అంబర్ గనులు ఆ మైంగ్‌క్వాన్‌కి దగ్గర్లోనే. నిజమే, వాళ్లు గనుల పక్కనుంచే నడిచారు. కానీ అది వానాకాలం, మోకాలిలోతు బురద, మలేరియా, విరేచనాలు. తిండి లేక దారి పొడుగునా వేలమంది రాలిపోయారు. ఉన్న నగ ఇచ్చి గుప్పెడు బియ్యం కొన్న దారి అది. ఆ దారిలో పూసలు కొనుక్కున్నాడంటే మనసు ఒప్పదు. గనిలో తీసిన అంబర్ మాండలేకి చేరి చెక్కుడు పడేది, ఈ పూసలు అక్కడివో, రంగూన్ బజారువో అయుంటాయి. ఇది పెద్దాయనకి నచ్చలేదు. "తేలింది కదండీ మరి" అన్నారు. తేలింది. తేలితే అంబర్ అని తెలుస్తుంది, తాత దాన్ని ఎక్కడ కొన్నాడో ఉప్పునీళ్లు చెప్పవు. కాఫీ ఇచ్చారు, తాగి వచ్చాను.

పూసలో పురుగు ఉందని ఫోటో పంపినవాళ్లు ముగ్గురున్నారు. పురుగు ఉంటే అసలనుకోవద్దు. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఒక అంబర్ ముక్క ఉంది, లోపల ఈగ. 1922లో కొన్నారు. 1966లో హెన్నిగ్ అంతటి పండితుడు దాని మీద రాశాడు, కోట్ల ఏళ్ల నాటి ఈగ ఇవాళ్టి మరుగుదొడ్డి ఈగలాగే ఉందే అని. 1993లో ఆండ్రూ రాస్ దాన్ని మైక్రోస్కోప్ కింద పెడితే దీపం వేడికి పగులు కనిపించింది. ఎవరో అసలు అంబర్‌నే రెండుగా కోసి, గుంట తవ్వి, మామూలు ఈగని పెట్టి అతికించారు. పై సరుకు అసలే, అబద్ధం లోపలుంది. దీనికి తిరగేసిన కథ కూడా ఉంది. 2015లో మిచినా అంబర్ బజారులో షింగ్ లిడా అనే చైనా శాస్త్రవేత్తకి ఒక ముక్క దొరికింది. అమ్మేవాడు లోపలున్నది ఏదో మొక్క అనుకున్నాడు. అది ఈకలున్న చిన్న డైనోసార్ తోక. రాళ్లలో అచ్చులు కాదు, నిజం ఈకలు.

ఆ తోక తర్వాత బర్మా అంబర్‌కి గిరాకీ ఇంకా పెరిగింది, అందుకే ఈ మాట కూడా చెప్పాలి. 2017లో మయన్మార్ సైన్యం తనాయ్ ప్రాంతపు గనులని పట్టుకుంది, వేలమంది కచిన్ జనం ఊళ్లు వదిలారు. 2020లో వెన్నెముక జీవుల శిలాజాలు చదివే శాస్త్రవేత్తల సంఘం, ఆ తర్వాత తీసిన అంబర్ మీద వ్యాసాలు వేయొద్దని పత్రికలని కోరింది. ఇంట్లో ఉన్న రంగం పూస సంగతి వేరు. ఇవాళ ఇంటర్నెట్‌లో "అసలు బర్మా అంబర్" అని కొత్తగా కొనడం నేను మెచ్చను, నిజంగా అసలైనా సరే.

ఇంకో రెండు జాగ్రత్తలు చెప్పి వదిలేస్తాను. ఎర్రగా కాల్చిన సూది గుచ్చి వాసన చూడమని చాలామంది చెబుతారు. అంబర్ అయితే గుగ్గిలం పొగలాంటి వాసన వస్తుంది, నిజమే, కానీ పూసకి మచ్చ పడిపోతుంది. సెల్యులాయిడ్ అయితే భగ్గున మండుతుంది. ఇంట్లో చేయకండి. దండ తెగి ఉంటే నూలుదారంతోగానీ పట్టుదారంతోగానీ, పూసకీ పూసకీ మధ్య ముడి వేసి గుచ్చుకోండి. అంబర్ మెత్తన, ఒకదానికొకటి రాసుకుంటే అరిగిపోతుంది. మెడలో వేసుకున్నాక సెంటు కొట్టుకోవద్దు. మిగిలిన ఫోటోలవాళ్లు ముందు ఉప్పునీళ్ల పరీక్ష చేసి, గ్లాసులో పూస ఎక్కడుందో కనిపించేలా మళ్లీ ఫోటో పంపండి. వచ్చే వారం బారువ రేవు గురించి మాట్లాడుకుందాం. ఉంటానండి.